చెలమ దగ్గర వరస

ఎర్రదిబ్బల అడవిలో దుప్పి, నెమలి, ముళ్లపంది, కుందేళ్లు, అడవిపంది ఉండేవి. ఆ ఏడు ఎండలకు వాగు ఎండిపోయింది. వాగు ఇసుకలో తవ్వుకున్న ఒక్క చెలమే అందరికీ దిక్కయింది. చెలమలో నీరు మెల్లగా ఊరుతుంది. ఒకరు తాగాక, మళ్లీ ఊరేదాకా మిగతావారు ఆగాలి. ఆ వరస చూడడానికి అడవిపందిని కాపలా పెట్టుకున్నారు.

ఒకరోజు ముళ్లపంది కాపలా పందికి రెండు తుంగగడ్డలు ఇచ్చి, వరస దాటి నీళ్లు తాగింది.

నెమలి అది చూసింది. దానికి పంది తప్పు కనబడలేదు. ముళ్లపంది తడి మూతి ఒక్కటే కనబడింది. ఆ రోజంతా దానికి మేత సహించలేదు.

"ఆ ముళ్లబుట్టకు ముందు నీళ్లా? నాకేం తక్కువ?" అని ముసలి దుప్పి దగ్గర వాపోయింది.

ఇద్దరం వెళ్లి పందిని నిలదీద్దాం రమ్మంది దుప్పి.

"నిలదీస్తే నాకేం వస్తుంది పెద్దమ్మా? నేను నాలుగిస్తాను" అంది నెమలి.

మర్నాడు నెమలి ముందు తాగింది. ఈసారి ముళ్లపందికి కడుపు మండింది. అది ఆరు గడ్డలు తెచ్చింది. వాటిని చూసి కుందేళ్లూ తెచ్చాయి. అందరూ ఇచ్చేసరికి ఎవరి వంతు ఎక్కడుందో మళ్లీ అక్కడికే వచ్చింది. పంది మాత్రం బలిసింది.

తుంగ పెరిగేది చెలమ గట్టునే. ఇసుకను పట్టి ఉంచేది దాని వేళ్లే. గట్టు తవ్వవద్దని దుప్పి అందరికీ చెప్పింది. ఇచ్చుకోలేక ఏడుస్తోందని నెమలి ఎగతాళి చేసింది.

ఒక మిట్టమధ్యాహ్నం నెమలి చివరి తుంగదుబ్బును గీరి పెకిలించింది. గట్టు విరిగి చెలమ పూడిపోయింది. నెమలి తోక ఇసుక కింద చిక్కింది. లాక్కుంటే ఈకలన్నీ ఊడిపోయాయి.

దుప్పి గిట్టలతో ఇసుక తోడసాగింది. ఒక్కొక్కరే వచ్చి చేయి కలిపారు. పొద్దు వాలేసరికి నీరు ఊరింది.

అప్పుడు పంది వచ్చి గట్టున కూర్చుంది. "ముందు ఎవరికి కావాలి? ఎన్ని గడ్డలిస్తారు?"

"ఒక్కటీ ఇవ్వం. మా వరస మేమే చూసుకుంటాం" అంది దుప్పి.

పంది ఆశగా ముళ్లపంది వైపు చూసింది. అది ముళ్లు నిక్కించుకుని దుప్పి పక్కన నిలబడింది. కుందేళ్లూ వచ్చి నిలబడ్డాయి. పంది గొణుక్కుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి కాపలా రోజుకొకరిది. మొదటి రోజు దుప్పిని పెట్టారు. తోకలేని నెమలి అందరికంటే చివర, గొంతు ఎండిపోతుంటే నిలబడింది. దుప్పి దాన్ని ముందుకు పిలవలేదు. వంతు వచ్చాక ఆపనూ లేదు.

నీతి: పక్కవాడు లంచమిచ్చాడని కుళ్లుకుని మనమూ ఇస్తే అందరి బతుకూ కూలుతుంది, అందరం కలిసి ఇవ్వమంటే లంచమే కూలుతుంది.