నిండు విస్తరి నోము

అక్షతలు చేతబట్టుకొని, చంటిపిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని వినుడు.

పూర్వము దీర్ఘచింతుడను ముని మితాశన మహర్షిని సమీపించి, ఒకే రోగమునకు ఒకే మందు వేయగా ఒకరు లేచి తిరుగుటకును, ఒకరు కాటికి పోవుటకును హేతువేమని అడిగెను. మహర్షి ఇట్లు చెప్పెను.

నేతగాండ్రుండు కుందవరమున అక్కలయ్య అనువాడు కలడు. వాని భార్య పేరిందేవికి రాచపుండు పుట్టెను. పరామర్శకు ఊరంతయు కదలివచ్చెను. పిన్నత్తగారు పప్పు వాతమనిరి. పొరుగామె ఆకుకూర పైత్యమనెను. మేనమామగారు పెరుగు కఫమనియు, దంపుడు బియ్యము అరుగదనియు సెలవిచ్చిరి. వచ్చినవారెల్ల తలా ఒక వంటకము మానిపించి, చేయి కడుగుకొని పోయిరి. భార్యపై ప్రాణములు పెట్టుకొన్న అక్కలయ్య ఒక్కరి మాటయు జవదాటడయ్యెను. తుదకు విస్తరిలో తెల్లని మెత్తన్నము, మిరియాల చారు మిగిలెను.

“రోగం నన్ను తింటా ఉంటే, మీవాళ్ళు నా విస్తరి తిన్నారు గదయ్యా” అని పేరిందేవి నవ్వెను. వాడు నవ్వలేకపోయెను.

వైద్యురాలి మందు పడుచునే యుండెను, పుండు పెరుగుచునే యుండెను. వైద్యురాలు తిండిమాట అడిగి తెలిసికొని తల పట్టుకొనెను. ఆ మందు తానుగా పుండును చంపదట. ఒంటిలోని కావలివాండ్రను పుండుపైకి లేపునట. కడుపులో కాపురముండు కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ లేపుటకు సాయపడవచ్చుననియు, పప్పులు, ఆకుకూరలు, తవుడు పోని గింజలు వాని ఆహారమనియు, వానిని పస్తులుంచితిరేమో యనియు చెప్పెను.

అక్కలయ్య విస్తరి నింపెను. పుండు పెరుగుట నిలిచెను. పేరిందేవి మరల మగ్గము వద్ద కూర్చుండెను. అంతటితో ఊరకున్న బాగుండెడిది. వదినెగారు వచ్చి, కటిక ఉపవాసములుండిన పుండు ఎండి రాలిపోవుననిరి. పాడు ఆశ! వాడు విస్తరి ఎత్తివేసెను. పుండు మరల పెరిగెను.

ఈ మారు నిండుగా వడ్డించి ఎదుట కూర్చుండగా, ఆమెకు మెతుకు గొంతు దిగలేదు.

“నేను తిండి మాన్పించడం వల్లేనా తల్లీ ఇది పెరిగింది?” అని వాడు వైద్యురాలి నడిగెను.

“అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. నాకూ తెలీదు పెద్దాయనా” అని ఆమె కన్నులు దించుకొనెను.

పేరిందేవి పోయెను. ఆ తెలియనితనముతోనే అక్కలయ్య మిగిలిన బ్రతుకు బ్రతికెను.

కావున దీర్ఘచింతా, ఈ నోము రోగులు నోచునది కాదు. పరామర్శకు పోవువారు, పథ్యము చెప్పు పెద్దలు, వంట చేయు మగడు నోచవలెను. వైద్యుని అడుగక ఒక వంటకమును మానిపింపరాదు, కొత్తది తినిపింపరాదు. ఫలమందువా? సిరులు కలుగునని చెప్పజాలను. పుండు మానునని అంతకన్న చెప్పజాలను. నీ ఇంటివారు పోయినను, నీ చేతులార పెట్టిన ఆకలితో పోలేదని నీకు తెలియును.