తేలిన కాఫీ పండ్లు

ఆ కొండమీద చిన్న తోటల వాళ్లు కాఫీ పండ్లు కోసి, రాజుగారి కొఠారుకు అమ్ముకుని బతికేవాళ్లు. పండ్లను వాగు నీళ్లలో పోస్తే మంచివి మునుగుతాయి, తాలు పండ్లు తేలతాయి. మునిగినవాటికే ధర.

ఆ ఏడు కొఠారుకు కొత్తగా వచ్చిన అధికారి గజపతయ్య వాగు నీళ్లు పనికిరావన్నాడు. "శాస్త్రం ప్రకారం మా నీళ్లలోనే పరీక్ష!" అంటూ బండి మీద నిండు తొట్టి తెచ్చాడు. అందులో ఎవరి పండ్లు పోసినా సగం తేలాయి. అవన్నీ తాలేనని, ధర ఇవ్వకుండానే తన బండికి ఎక్కించుకున్నాడు.

సుక్రి అనే రైతు పండ్లకూ అదే గతి పట్టింది. ఆమె ఏడవలేదు. తొట్టి నుంచి ఒలికిన తడిని తన ఎద్దు వదలకుండా నాకడం చూసింది. ఒక చెంబెడు తొట్టి నీళ్లు ముంచుకుని ఇంటికి పోయింది.

మధ్యాహ్నం అధికారికి రాగి అంబలి తెచ్చి ఇచ్చింది. ఒక్క గుక్క తాగి, అతను అందరి ముందూ ఉమ్మేశాడు.

"ఛీ ఛీ! అంబలా ఇది, ఉప్పు కషాయమా?"

"ఉప్పెక్కడిది దొరా? మా ఇంట్లో నిండుకుని పది రోజులైంది. తమ తొట్టి నీళ్లతో కాచానంతే."

ఉప్పు నీళ్లలో మంచి పండు కూడా తేలుతుందని రైతులకు వేరే చెప్పాలా? అంతా లేచి బండిని చుట్టుముట్టారు. తేలిన పండ్లను దించి వాగు నీళ్లలో పోస్తే దాదాపు అన్నీ మునిగాయి. గజపతయ్యకు ధర ఇవ్వక తప్పలేదు.

అతను తొట్టి ఎత్తించబోతుంటే సుక్రి అడ్డం వచ్చింది.

"అది ఉంచి వెళ్లండి దొరా. ఉప్పు కోసం ఈ నెల మేం కొండ దిగక్కర్లేదు."