గుడికి తప్ప ఎక్కడికీ వెళ్ళని ఎద్దు

ఆ రాజ్యంలో పాత ఎద్దును అమ్మాలంటే దండోరా వేయించాలి. దండోరాలో మాత్రం కుంటి ఎద్దు ఉండదు, ముసలి ఎద్దు అసలే ఉండదు! ఆ కేకలు నమ్మి ఊరూరా తిరిగిన ఉప్పుల గవరమ్మకు విసుగు నషాళానికి అంటింది. ఒకచోట అరిగిన కొమ్ములకు రంగు, ఇంకోచోట వాచిన కాలికి పసుపు. ఇవతల బండికి ఎద్దు లేక, ముసురుకు ఇంట్లో అమ్మాల్సిన ఉప్పు నీరైపోతోంది.

చివరికి కొత్వాలు బావమరిది వీరభూపతి దండోరా విని వెళ్ళింది.

"కళ్ళు మూసుకుని కొనుక్కో. మా అమ్మను వారానికోసారి గుడికి తీసుకెళ్ళడం తప్ప ఇది వేరే పని ఎరగదు," అన్నాడతను మీసం దువ్వుతూ. "త్వరగా తేల్చు, అవతల బేరాలున్నాయి. పలుపు నీ చేతికొచ్చాక మళ్ళీ తీసుకోను."

ఎద్దు మెడమీద ఒక పక్కనే కాయకాసి ఉంది.

"నా కళ్ళెందుకులే బాబూ, దాని కళ్ళే మూస్తాను," అని గవరమ్మ పలుపు అతని చేతే విప్పించి, తన తలగుడ్డతో ఎద్దుకు గంతలు కట్టింది.

వేరే ఎద్దయితే బెదిరి నిలబడిపోయేది. ఇది మాత్రం ఎవరూ అదిలించకుండానే, గానుగకు కట్టినట్టు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. జనం కిసుక్కుమన్నారు.

వీరభూపతి తొణకలేదు. "చూశావా భక్తి! గుడి అలవాటు. ప్రదక్షిణలు చేస్తోంది."

గవరమ్మకు ఒళ్ళు మండింది.

"అలాగా బాబూ! అయితే మీ అమ్మగారు దీన్ని గుడికి కూడా కళ్ళకు గంతలు కట్టే తోలుకెళ్ళేవారా?"