దక్షిణపు సావిడిలో రాజుగారు

వికారి నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ త్రయోదశి, బుధవారం. అంతకు ముందు వారం పట్టిన ముసురు ఆ రోజు కూడా వదల్లేదు. తెల్లవారేటప్పుడు తూర్పున ఒక ఎర్రని చార కనబడి, చూస్తుండగానే మూసుకుపోయింది. గాలి లేదు. పిండి జల్లించినట్టు సన్నని తుంపర మల్లెగుండం కోట మీద రాలుతూనే ఉంది.

ఆ తుంపరలో కోట దక్షిణపు వాకిలి నుంచి ఒక నులక మంచం బయటికి వచ్చింది. బంట్లు మోస్తున్నారు. మంచం మీద బాచమ్మ. పక్కన తాటాకు గొడుగు పట్టుకుని ఆమె కొడుకు తిప్పన. ధరణీధర భూపతి కొలువులో నవ్వించే ఉద్యోగం అతనిది. ఆ పొద్దు అతని ముఖం చూసిన బంట్లు తలలు దించుకుని నడిచారు.

మల్లెగుండం పెద్ద రాజ్యమేమీ కాదు. ఈ చివర కోడి కూస్తే ఆ చివర వినబడుతుందని పొరుగు రాజులు వేళాకోళం చేసేవారు. రాజ్యం చిన్నదైనా కట్టుబాట్లు పెద్దవి. కోటలో రాజుల ఇలవేల్పు కొలువై ఉంది గనక, రాజవంశం వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ గోడల లోపల ప్రాణం విడవకూడదు. వంటవాళ్లు గాని, మావటీలు గాని, కొమ్ము ఊదేవాళ్లు గాని, వైద్యుడు నాడి చూసి తల అడ్డంగా ఊపాడంటే దక్షిణపు సావిడికి చేరవలసిందే. జీవితమంతా కోటకు ఊడిగం చేసినవాళ్లకు ఆఖరున దక్కేది అది. రాతి స్తంభాలు, పైన కప్పు, మూడు వైపులా గోడలు లేవు. ఊళ్లోనూ ఎవరూ చేర్చుకోరు. పరాయి ప్రాణం తమ ఇంట్లో పోవడానికి ఎవరు మాత్రం ఒప్పుకుంటారు?

ఇదంతా తెలిసే తిప్పన నిరుటి ఉగాదికి ఊళ్లో ఒక ఇల్లు బేరం చేసుకున్నాడు. గాజుల చెంగయ్యది. రెండు గదులు, ముందు అరుగు, వెనక ఒక మునగచెట్టు. చెంగయ్య కూతురు ఊరికి తరలిపోదామనుకున్నాడు, తిప్పన తల్లిని కోట నుంచి తెచ్చుకుందామనుకున్నాడు. అటు అమ్మకానికి ఇష్టమే, ఇటు కొనడానికి ఇష్టమే. మధ్యలో ఉన్నది గృహధర్మ శాసనం.

ఆ శాసనం ధరణీధర భూపతి యువరాజుగా ఉన్నప్పుడే స్వయంగా రాసి, తండ్రి చేత ముద్ర వేయించినది. ఇల్లు చేయి మారాలంటే ఆరు మెట్లు. విన్నపం ఇవ్వాలి. హద్దులు కొలవాలి. దండోరా వేయించాలి. ఇరుగుపొరుగులు ఒప్పుకోవాలి. దాయాదులు ఒప్పుకోవాలి. ఆఖరున రాజముద్ర. ఏ మెట్టు దగ్గర తేడా వచ్చినా మళ్లీ మొదటికి రావాలి. ముద్ర పడకుండా కొత్తవాడు గడప దాటితే బేరం చెల్లదు. ముద్ర పడకుండా పాతవాడు ఊరు వదిలినా చెల్లదు.

తిప్పన మొదటిసారి రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాడు. హద్దుల అధికారి వచ్చిన రోజున వాన కురిసింది. తడిసిన తాడు కొలతకు పనికిరాదన్నాడాయన. తాడు ఆరేసరికి ఆయనకు పెద్దల తద్దినాలు వచ్చాయి. అవి తీరేసరికి పడమటి ఇంటాయన తీర్థయాత్రలకు పోయాడు. తిరిగి వచ్చాక ఆయన ఒప్పుకున్నాడు గాని, ఈలోగా దండోరా వేసి చాలా కాలమైంది, జనం మరిచిపోయి ఉంటారు, మళ్లీ వేయమన్నారు. చెంగయ్య పెళ్లాం ఓబుళమ్మ ప్రయాణానికని గిన్నెలన్నీ ఎప్పుడో మూటగట్టేసింది. మూట విప్పితే ప్రయాణానికి అశుభమని, రోజూ పక్కింటి గిన్నె అడిగి తెచ్చుకుని వండుకునేది.

తిప్పన ఒకసారి రాజును అడిగి చూశాడు. "నీకొక శాసనం, ఊరికొక శాసనం ఉండదు తిప్పనా" అన్నాడు రాజు. అది న్యాయమైన మాటే. అందుకే తిప్పన మళ్లీ అడగలేదు.

మంచం సావిడిలో దించారు. ఆ వార్త విని చెంగయ్య తడుస్తూ పరుగున వచ్చాడు.

"మా ఇంటికి తీసుకుపోదాం పద తిప్పన్నా. అవ్వ లోపల పడుకుంటే చూసేదెవరు? అడిగితే మా మేనత్త అని చెబుతాను."

తిప్పన తల్లి వైపు చూశాడు. బాచమ్మకు చూపు ఏనాడో మందగించింది గాని చెవులు చురుకే.

"నీ పుణ్యం చెంగయ్యా. కానీ నా ఇంటికి నేను దొంగలా పోను" అంది. "ఇన్నాళ్లు ఆగాం. ఇంకో రెండు రోజులు చూద్దాం. ఒరే తిప్పనా, కొలువుకు వేళయింది, పో. నవ్వించేవాడు ఆలస్యంగా వస్తే ఎవరికీ నవ్వు రాదు."

"నువ్విక్కడ ఉంటే నేనెక్కడికి పోతానమ్మా?"

"నేనెక్కడికీ పోను గదా, పోయి రా."

చెంగయ్యను దగ్గర కూర్చోబెట్టి తిప్పన వెళ్లాడు. దారిలో వాకిలి పక్కన హద్దుల అధికారి అరుగు ఖాళీగా కనబడింది. వాన గదా, ఆయన రాలేదు. తిప్పన ఆ ఖాళీ అరుగు వైపు, దానికెదురుగా ఉన్న సావిడి వైపు చూశాడు. చుట్టుపక్కల కప్పున్నది ఆ సావిడి ఒక్కటే. కాసేపు అక్కడే నిలబడి, తర్వాత గబగబా లోపలికి నడిచాడు.

కొలువులో ఆ రోజు పొరుగు రాజ్యపు రాయబారి ఉన్నాడు. ధరణీధర భూపతి ఎప్పటిలాగే తన గొప్పలు తానే చెబుతున్నాడు. చెప్పుకోదగినవి అయిపోయాక శాసనం వంతు వచ్చింది.

"మా ఏలుబడిలో ఇళ్ల తగాదా ఒక్కటీ రాలేదు. మీ దేశంలో?"

"రోజూ వస్తాయి మహారాజా" అన్నాడు రాయబారి.

"మరి! శాసనమంటే అలా ఉండాలి. తిప్పనా, ఇవాళ నోరు మెదపవేం? మా శాసనం గురించి అతిథికి నాలుగు మాటలు చెప్పు."

"ఒక్క మాట చాలు ప్రభూ. అది వచ్చాక ఈ ఊళ్లో తగాదా పడ్డ ఇల్లు లేదు. చేయి మారిన ఇల్లూ లేదు."

రాయబారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. రాజు ముఖం కందగడ్డలా అయింది.

"వెటకారమా? నా శాసనంలో లోపం చూపించు. చూపిస్తే కోరింది ఇస్తాను. చూపలేకపోతే రేపటి నుంచి ఈ కొలువులో నీ మొహం కనబడకూడదు."

"లోపం శాసనంలో లేదు ప్రభూ. దాన్ని తప్పించుకున్న ఇల్లు ఒకటుంది."

"ఎవరిదిరా అది? ఎంతటివాడిదైనా సరే, ఇప్పుడే ఖాళీ చేయిస్తాను."

"ఎంతటివాడిదైనా?"

"చెప్పానుగా!"

తిప్పన ధర్మాధికారి వైపు తిరిగి వినయంగా చేతులు జోడించాడు. "అయ్యా, శాసనంలో మొదటి వాక్యం ఒక్కసారి సెలవివ్వండి."

ధర్మాధికారి గొంతు సవరించుకుని చదివాడు. "అమ్మకము వలననైనను, దానము వలననైనను, వారసత్వము వలననైనను చేయి మారిన ప్రతి గృహమును ఆరు మెట్లు దాటవలెను."

"వారసత్వం అన్న మాట మేమే పట్టుబట్టి చేర్చాం" అన్నాడు రాజు రాయబారితో.

"చాలా ముందుచూపు" అన్నాడు తిప్పన. "పెద్ద ప్రభువులు స్వర్గస్థులైనప్పుడు ఈ కోట తమ చేతికి వచ్చింది. ఇది ఎన్నో మెట్టు మీద ఉంది ప్రభూ?"

రాజు తల ఎత్తి కొలువు పైకప్పు వైపు చూశాడు. చూరు నీళ్లు పడే చప్పుడు వినబడింది.

"ఇది కోట, ఇల్లు కాదు" అన్నాడు రాజు చివరికి.

ధర్మాధికారి తల వంచుకుని, పాపం, నిజం చెప్పాడు. "పొయ్యి వెలిగేదల్లా ఇల్లేనని రెండో వాక్యంలో ఉంది ప్రభూ."

"అయితే ఇప్పుడే ముద్ర వేసేస్తాను. తెండి!"

"ముద్ర ఆరో మెట్టు గదా ప్రభూ" అన్నాడు తిప్పన. "పైగా ముద్ర కోటలో వస్తువు. కోట ఇంకా తమది కాలేదు."

ధరణీధర భూపతి డాంబికుడే గాని అబద్ధమాడేవాడు కాదు. ఆ మనిషి మీద కొంచెం గౌరవం మిగలడానికి కారణం అదే. లేచి నిలబడ్డాడు. రాయబారి చూస్తున్నాడని తెలుసు.

"ధరణీధరుడు మాట తప్పాడని మీ రాజుకు చెప్పే పని మీకు పెట్టను. మొదటి విన్నపం ఎక్కడ ఇవ్వాలి?"

"దక్షిణపు వాకిలి బయట, హద్దుల అధికారి దగ్గర" అన్నాడు తిప్పన.

భటుడు వెల్లగొడుగు పట్టబోతే రాజే వద్దన్నాడు. అదీ కోటదే. కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి, తడుస్తూ నడిచాడు. వెనక తిప్పన, ధర్మాధికారి. వాకిలి దాటేసరికి తుంపర కాస్తా జడివాన అయింది. అధికారి అరుగు ఖాళీ. రాజు నాలుగు దిక్కులా చూసి, సావిడి లోకి పరుగెత్తాడు. చెంగయ్య రాజును చూసి స్తంభం వెనక్కి తప్పుకున్నాడు. మిగతా ఇద్దరూ బయటే చూరు కింద నిలబడ్డారు.

"ఎవరది?" అంది బాచమ్మ. "నిన్నూ మోసుకొచ్చారా నాయనా?"

"లేదవ్వా. నడిచే వచ్చాను."

"నయం. అక్కడ కారుతుంది, ఇటు రా. నా కాళ్ల దగ్గర పొడిగా ఉంది, కూర్చో."

రాజు ఒక క్షణం తటపటాయించి, నులక మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నీకు ఇల్లు లేదా?"

"ఉంది. ఇంకా చేతికి రాలేదు."

"ముద్ర పడలేదా?"

"పడలేదు."

"నాదీ అంతే. నిరుటి ఉగాదికి కొన్నాడు మా వాడు. నేనింకా దాని గడప చూడలేదు. వెనక మునగచెట్టు ఉందట. పూత పూసిందని ఓసారి, కాయ కాసిందని ఓసారి చెప్పాడు. మళ్లీ పూసిందన్నాడు మొన్న." ఆమె కాస్త ఊపిరి తీసుకుంది. "నీకెవరున్నారు?"

"భార్య, పిల్లలు."

"వాళ్లనెక్కడ ఉంచావు ఈ వానలో?"

రాజు తల తిప్పి కోట వైపు చూశాడు.

"రాజును తిట్టుకుంటున్నావా? తిట్టకు. మా వాడు ఆయన్ని ఒక్క మాట అననివ్వడు. మంచివాడేనట, ఓపిక ఎక్కువట. పుట్టిన ఇంట్లోనే ఉన్న మనిషి గదా, ఇల్లు మారడమంటే ఏం తెలుస్తుంది? నీకు వయసుంది నాయనా, ఆగగలవు. నాకే ఇక ఆగడం చేతకావడం లేదు."

వాన అలాగే కురుస్తోంది. రాజు ఆమె కాళ్ల మీంచి జారిన ఉన్నిగొంగళి సర్దాడు. తర్వాత లేచి మెల్లగా చూరు కిందికి వచ్చాడు. తిప్పన ముఖం చూశాడు, మంచం వైపు చూశాడు, మళ్లీ తిప్పనను చూశాడు.

"మీ అమ్మా?"

"అవును ప్రభూ."

"కోట ఎవరిది, ముద్ర ఎక్కడుంది, ఆ వాదమంతా నన్నిక్కడికి నడిపించడానికేనట్రా?"

"మరో దారి దొరకలేదు ప్రభూ."

రాజుకు నవ్వు వచ్చింది. కొలువులో నవ్వే నవ్వు కాదు. తడిసిన మీసాల మీదుగా నీళ్లు కారుతుంటే, స్తంభానికి చేయి ఆనించి, తనను తానే చూసుకుని నవ్వాడు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు. వాన గనక దేనికి తుడుచుకున్నాడో ఎవరికీ తెలియదు.

"ఆ శాసనం ఈ క్షణం నుంచి రద్దు."

"ప్రభూ, రద్దుకు ముద్ర కావాలి" అన్నాడు ధర్మాధికారి. "ముద్ర కోటలో, కోట ఇంకా..."

"ముద్ర పుట్టక ముందు నా నోరుందయ్యా. అమ్మేవాడూ కొనేవాడూ ఇరుగుపొరుగుల ఎదుట నీళ్లు వదిలితే చాలు, ఇల్లు చేయి మారినట్టే. పోయి దండోరా వేయించు." తర్వాత తిప్పనతో అన్నాడు. "నువ్వే గెలిచావు. అగ్రహారం అడుగుతావా, మాన్యం అడుగుతావా?"

"తమ పల్లకీ ప్రభూ. ఊళ్లోకి పోయి వచ్చేంత సేపు."

రాజు పల్లకీ ఇచ్చాడు. ఇంటి కప్పుకు కొత్త పెంకులూ ఇచ్చాడు. ఆ సాయంత్రం ఇరుగుపొరుగులు గొడుగులు పట్టుకుని నిలబడగా చెంగయ్య తాళం చెవి బాచమ్మ అరచేతిలోనే పెట్టి నీళ్లు వదిలాడు. ఆ చేయి గడపను తడిమి తడిమి చూసింది. మర్నాడు ఓబుళమ్మ గిన్నెల మూటతో బండి ఎక్కింది.

వైద్యుడి లెక్క తప్పింది. బాచమ్మ వినాయక చవితి దాటేదాకా ఆ ఇంట్లో బతికి, ఒక ఎండ కాసిన పగటిపూట, మధ్య గదిలో, కొడుకు తొడ మీద తల పెట్టుకుని పోయింది. పోయే ముందు ఇరుగుపొరుగులను పిలిపించి తన ఆస్తి పంచింది. మునగచెట్టు కాపు పక్కింటామెకు, ఓబుళమ్మకు అన్నాళ్లూ గిన్నె ఎరువిచ్చినందుకు. ఉన్నిగొంగళి, సావిడిలో తన కాళ్ల దగ్గర కూర్చున్న అబ్బాయికి, పాపం అతని ఇల్లు ఇంకా చేతికి వచ్చిందో లేదో. ఆ గొంగళి ధరణీధర భూపతి తన పడకగదిలో ఉంచుకున్నాడు. ఇల్లు, కోటలో కాలం తీరి బయటికి మోసుకొచ్చే ప్రతి మనిషికీ. తిప్పనకు ఏమీ రాలేదు.