అవధాని తడమని ముల్లు

ఎండ పొడ సోకని సముద్రం అడుగున, ఒక రాతి సందులో ఓ ఆక్టోపస్ కాపురముండేవాడు. ఎనిమిది చేతులతో ఎనిమిది పనులు ఒకేసారి చక్కబెడతాడని అందరూ అవధానిగారనేవారు. ఆ పిలుపుకి ఆయన తెగ మురిసిపోయేవాడు.

ఆ అడుగున ఒక కట్టుబాటు ఉంది. వీపు మీది రెండు రెక్కలకూ ముందు చెరో ముల్లుండే ముళ్ళసొరలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. ఏళ్ళ తరబడి కడుపున మోసి ఏ ఒక్క పిల్లనో కంటాయవి. అందుకని ఎవరికి ఏ సొర చిక్కినా, అవధాని తడిమి "మామూలుదే" అన్నాకే తినాలి.

ఒకనాడు మలుగుపాము అనే పొడవాటి చేప ఒక సొరను చుట్టేసి ఆయన గుమ్మం ముందుకి ఈడ్చుకొచ్చింది. దాని వీపంతా తన చుట్టల కింద దాచేసి, తోక మాత్రం ముందుకు తోసింది.

"అయ్యో, భోజనంలో ఉన్నారా అవధానిగారూ! లేవకండి, ఒక్క చెయ్యి చాపండి చాలు. మీ చేతికి తెలియని చేపేముంది గనక!"

ఏడు చేతులూ పీత మీదున్నాయి. ఎనిమిదోది చాపి తోక తడిమాడు.

"వీపు చూడండి బాబూ! నేను ముళ్ళసొరను" అని సొర గింజుకుంది.

"చచ్చేముందు అందరూ అనే మాటే" అంది మలుగు.

"మామూలుదే, తీసుకుపో" అన్నాడు అవధాని, పీత డిప్ప విరుస్తూ.

కాసేపటికి నీటి వాలులో ఒక ముల్లు కొట్టుకొచ్చి గుమ్మంలో పడింది. ఈసారి ఎనిమిది చేతులతోనూ తడిమాడు. తింటున్న పీతను అవతలికి నెట్టేశాడు.

అంతలో రెండు ఆకుపచ్చ కళ్ళు మెరిశాయి. ఇంకో ముళ్ళసొర వచ్చింది.

"అవధానిగారూ, మా చెల్లెలు ఇటొచ్చిందా? నిండు చూలాలు. ఎవరైనా పట్టుకున్నా భయపడకే, ఆయన గుమ్మం దాకా వెళితే బతికినట్టేనని నేనే ధైర్యం చెప్పాను."

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు.

"వచ్చిందమ్మా. లేవడానికి బద్ధకించి, తోక తడిమి పంపేశాను."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆ ముల్లు ఇలా ఇవ్వండి" అని, నోట కరుచుకుని వెళ్ళిపోయింది.

రాతి మీద రాయిలా, ఇసుకలో ఇసుకలా రంగు మార్చి ఎవరి కంటా పడకుండా దాక్కోగలవాడు ఆయన. ఆ రోజు ఎన్ని రంగులు మార్చినా సిగ్గు మాత్రం దాగలేదు.

ఒకరి ప్రాణం మీద మాట చెప్పాల్సినవాడు ముందు కూర్చున్న చోటు నుంచి లేవాలి.