మూలిగిన మొద్దు

ఎప్పటి మాటో గానీ వినండర్రా, మహీధరుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు కత్తిసాము నేర్చాడు. రెండోవాడు సుమిత్రుడు గుర్రపుస్వారీ నేర్చాడు. మూడోవాడు నందకుడు మాత్రం పోయి పోయి తరిమెన దగ్గర కూర్చున్నాడు. తరిమెన అంటే తెలుసుగా? ఒకరు తాడు లాగుతుంటే కొయ్య గిరగిరా తిరుగుతుంది, ఇంకొకరు ఉలి ఆనించి గిన్నెలూ పానపాత్రలూ తీస్తారు. "రాజు కడుపున పుట్టి కొయ్యగిన్నెలేమిట్రా!" అని అన్నలు ఆటపట్టించేవారు.

ఒకనాడు పెద్దవాణ్ణి కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. విడిపించబోయిన రెండోవాడూ తిరిగి రాలేదు. రాజు మంచం పట్టాడు. నందకుడు ఉలి, కొయ్యకు రంగు పూసే లక్కకడ్డీ, మెరుగు పెట్టే మొగలాకు మూటగట్టుకున్నాడు. చేతికి అలవాటైనవి అవే మరి! ఏడు సముద్రాలు దాటి కరాళుడి దీవి చేరాడు.

ఒడ్డున ఒక వడ్రంగిపిట్ట పిల్ల నేలమీద పడి ఉంది. దాన్ని మెల్లగా తీసి తొర్రలో పెట్టాడు.

తల్లిపిట్ట అంది. "నాయనా, వాడు మనుషుల్ని మొద్దులు చేస్తాడు. మొద్దుల్ని గిన్నెలు చేయించుకుంటాడు. వాడు చస్తే, బెరడు పోయిన మొద్దు కూడా మళ్ళీ మనిషవుతుంది. లోపల తొలిస్తే మాత్రం ఇక రాడు. వాడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది. చేతిలో మంత్రదండం ఉన్నంతసేపూ దాని దగ్గరికి పోలేవు."

నందకుడు కరాళుడి ఇంట్లోకి అడుగుపెట్టాడు. గోడల నిండా గిన్నెలు. గిన్నె గిన్నెకూ ఎవరో ఒక తల్లి ఏడ్చి ఉంటుంది కదా! మూల మూడు మొద్దులు, వాటి పక్కన ఒక తరిమెన ఉన్నాయి. చూరుకు చిలక పంజరం వేలాడుతోంది.

"పనివాడివా? పొద్దు వాలేలోగా నాకొక గిన్నె తియ్యి. లేకపోతే నువ్వే నాలుగో మొద్దువి!" అన్నాడు కరాళుడు, వాడి చేతిలో ఉలి చూసి.

"తీస్తాను దొరా. తాడు లాగేవాళ్ళేరీ?"

దీవిలో ఇంకెవరున్నారు? కరాళుడే దండం పక్కన పెట్టి తాడు పట్టాడు. తరిమెనకు బిగించిన మొద్దు తిరిగింది. నందకుడు ఉలి ఆనించాడు. బెరడు లేచింది. "అమ్మా!" అని మొద్దు మూలిగింది. అది పెద్దన్న గొంతు!

నందకుడి ఉలి ఒక్క క్షణం తడబడింది. ఆపితే అందరూ పోతారు. ఆపకపోతే అన్నకు నొప్పి. మళ్ళీ ఉలి ఆనించి బెరడు మట్టుకే తీశాడు.

"ఇక తొలువు!" అని అరిచాడు కరాళుడు.

"పైన లక్క పట్టించి తొలిస్తే చీలదు దొరా. మెరుగు మాత్రం మీ చేత్తోనే పెట్టండి. అద్దంలా మీ ముఖమే కనిపిస్తుంది."

కరాళుడు ఉబ్బిపోయాడు. నందకుడు తాడు అందుకున్నాడు. తిరిగే కొయ్యకు కరాళుడు లక్కకడ్డీ ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి పారింది. దానిమీద రెండు చేతులతో మొగలాకు అదిమిపట్టాడు.

లక్క వేడిగా ఉండగా కొయ్యను ఆపకూడదు. తరిమెన దగ్గర మొదటిరోజే చెప్పే మాట అది. నందకుడు ఠక్కున ఆపేశాడు. ఆకూ అరచేతులూ కొయ్యకు అతుక్కుపోయాయి. కరాళుడు గింజుకున్నాడు, బొబ్బలు పెట్టాడు, దండం అందలేదు. నందకుడు ఒక్క దూకున పంజరం లాగి చిలక మెడ విరిచాడు. కరాళుడు బూడిదై రాలిపోయాడు.

మూడు మొద్దులూ మనుషులై లేచి నిలబడ్డాయి. ఇద్దరు అన్నలు, వాళ్ళ పక్కన కౌముది అనే రాకుమారి. గోడమీది గిన్నెలు మాత్రం కదల్లేదు. నందకుడు వాటిని ఒక్కొక్కటే గుండెకు హత్తుకుని, ఏడుస్తూ సముద్రంలో విడిచాడు.

ఇంటికొచ్చాక కొడుకుల్ని చూసి రాజు లేచి కూర్చున్నాడు. నందకుడికీ కౌముదికీ పెళ్ళి చేశారు. కానీ పెళ్ళిపీటల మీద కూడా వాడు అన్న ముఖం చూడలేకపోయాడు. అన్న వీపంతా చెక్కుకుపోయి ఉంది మరి.

"అన్నయ్యా, నువ్వని తెలిసి కూడా ఉలి ఆపలేదు" అన్నాడు చివరికి.

జయంతుడు వాణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. "మొదటిసారి తగిలినప్పుడు నీ చెయ్యి నిబ్బరంగా ఉందిరా. నేను అమ్మా అనగానే వణికింది. ఆ వణుకుతోనే తెలిసింది, నన్ను చంపే చెయ్యి కాదని."

కిరీటం తనకొద్దని తమ్ముడి తలమీద పెట్టింది ఆ అన్నే. నందకుడు తల నెరిసేదాకా చల్లగా ఏలాడు.