కంపు తెలియని ముక్కు

కుర్ర భిక్షువు నందిసేనుడికి మొదట్లో రోగుల సాలలో ముద్ద దిగేది కాదు. కృష్ణ ఒడ్డున, కొండమీది విహారంలో, జబ్బుపడినవాళ్ళని ఉంచే పొడుగాటి పాక అది. చీము, చెమట, మరిగిన కషాయాలు అన్నీ కలిసి కంపు కొట్టేవి. గడప దాటగానే ముక్కు మూసుకునేవాడు.

గురువు శీలగుప్తుడు అవతలి విహారానికి వెళ్తూ ఒక్క మాట చెప్పాడు. "జాముకోసారి బయటికొచ్చి కొండ అంచున గాలికి నిలబడు. ఆ తర్వాతే మళ్ళీ లోపలికి వెళ్ళు."

వారం తిరిగేసరికి నందిసేనుడికి కంపు తెలియడం ఆగిపోయింది. అసహ్యాన్ని జయించాననుకున్నాడు. గాలికి నిలబడడం ఓర్వలేనివాళ్ళ పని అనుకుని అది మానేశాడు.

అప్పుడే రాళ్ళు చెక్కే సంగన్నని మోసుకొచ్చారు. పాదం మీద రాతి పలక పడింది. వైద్యుడు మందు వేసి మోకాలిదాకా కట్టు కట్టాడు. పది రోజులు విప్పొద్దన్నాడు. కంపు కొడితే మాత్రం వెంటనే కబురు పెట్టమన్నాడు.

నందిసేనుడు రాత్రీ పగలూ ఆ మంచం దగ్గర్నించి కదల్లేదు. అక్కడే కూర్చుని అన్నం తిన్నాడు. అతను చేసిన సేవ నిజమే, కాదనడానికి లేదు. దాని వెనక నక్కిన గర్వమూ నిజమే.

సంగన్న భార్య నాగసిరి రోజూ పడవెక్కి ఏరు దాటి గంజి తెచ్చేది. ఆరో రోజున మంచం దగ్గరికి వస్తూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"సామీ, కాలు కంపు కొడతంది. నిన్న ఇట్టా లేదు."

"కంపు కాల్లో లేదు తల్లీ, నీ మనసులో ఉంది. కట్టుకున్నవాణ్ణి చూసి ముక్కు మూసుకుంటావా?"

ఆమె మొహం చిన్నబోయింది. కొంగు తీసేసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాలుగు రోజులకి శీలగుప్తుడు తిరిగొచ్చాడు. సాల గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఇప్పుడు నాకు ఏ కంపూ అంటడం లేదు, ఆచార్యా," అన్నాడు నందిసేనుడు.

గురువు మెచ్చుకోలేదు. వైద్యుడి కోసం మనిషిని పరిగెత్తించి, శిష్యుణ్ణి చెయ్యి పట్టుకుని కొండ అంచుకి లాక్కుపోయాడు. ఏటి మీంచి గాలి గట్టిగా వీస్తోంది. నందిసేనుడు ఏదో చెప్పబోతే గురువు వద్దని చెయ్యెత్తాడు. అలా చాలాసేపు నిలబెట్టాడు.

"ఇక లోపలికి పద."

గడప మీదే నందిసేనుడికి వాంతి అయింది. కుళ్ళిన మాంసం వాసన. అది ఒక్క మంచం దగ్గర్నించే వస్తోంది.

కట్టు విప్పారు. కాలు మోకాలిదాకా నల్లబడిపోయింది. వైద్యుడు పెదవి విరిచాడు.

"నాలుగు రోజుల కింద పిలిచుంటే పాదం తీసేసి మనిషిని దక్కించేవాణ్ణి."

సంగన్న అంతా విన్నాడు. నందిసేనుడి చెయ్యి తడిమి పట్టుకున్నాడు. "నువ్వేం చేస్తావులే సామీ. కన్న కొడుకల్లే చూశావు."

నందిసేనుడికి అంతకన్నా చెంపదెబ్బ నయమనిపించింది. బయటికొచ్చి గురువుని అడిగాడు.

"పక్కనే ఉన్నాను. నాకెందుకు తెలియలేదు?"

"ముక్కులో కాపలావాళ్ళుంటారు. కొత్తగా వచ్చినవాణ్ణి చూసే కేకేస్తారు. వాడు లోపలే మకాం పెడితే ఇక నోరెత్తరు. నువ్వు జయించిందేమీ లేదు. వాళ్ళు అలిసిపోయారు, అంతే."

మర్నాడు పొద్దెక్కకముందే సంగన్న పోయాడు.

శవాన్ని కడిగాక నందిసేనుడు గురువు కాళ్ళ మీద పడ్డాడు. క్షమించమని ఏడ్చాడు.

శీలగుప్తుడు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"నా కాళ్ళకేం కాలేదు," అన్నాడు. "నాగసిరి బయట కూర్చుని ఉంది."